బోణీ అయినట్టు ఎప్పుడు? ఆన్‌లైన్ అమ్మకాల మైలురాళ్ల లెక్క

తెలుగునాట ఏ బజారులోనైనా దుకాణదారుడికి రోజులో మొదటి మైలురాయి బోణీ. పొద్దున గల్లాపెట్టె తెరిచాక వచ్చిన మొదటి బేరాన్ని రెండు రూపాయలు తగ్గించైనా పోనివ్వరు, చేతికొచ్చిన నోటును కళ్లకద్దుకుంటారు, బోణీ కాకముందు అరువు అడిగితే ముఖం చిట్లిస్తారు. దీన్ని నమ్మకమనో ఆచారమనో పక్కన పెట్టవచ్చు గానీ, ఇందులో గట్టి వ్యాపార లెక్క ఒకటి దాగి ఉంది. బోణీ అంటే సరుకు వెళ్లి, డబ్బు వచ్చి, వ్యవహారం ముగిసిన అమ్మకం. అందుకే అరువు బేరం బోణీ కింద లెక్కకు రాదు.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి సంస్థల ఆన్‌లైన్ అంగట్లో అమ్మేవారికి ఈ ముగింపు కంటికి కనిపించదు. ఫోన్ మోగుతుంది, ఆర్డర్ వచ్చిందన్న వార్త తెర మీద మెరుస్తుంది, అమ్మకాల లెక్క చూపించే డ్యాష్‌బోర్డులో అంకె ఒకటి పెరుగుతుంది. ఆ క్షణాన సరుకు ఇంకా అరలోనే ఉంది, డబ్బు కొన్నవారి దగ్గరో అంగడి సంస్థ దగ్గరో ఉంది, కొన్నవారికి మనసు మార్చుకునే హక్కు కూడా చెక్కుచెదరకుండా ఉంది. అయినా పదో ఆర్డర్, వందో ఆర్డర్, వెయ్యో ఆర్డర్ అంటూ మైలురాళ్లు పాతుకునేది ఈ అంకె మీదే. కొత్తగా అమ్మకాలు మొదలుపెట్టినవారు నాలుగైదు నెలలకే నీరసపడటానికి వ్యాపారం సాగకపోవడం ఒక కారణమైతే, సాగుతున్న వ్యాపారాన్ని తప్పుడు అంకెతో కొలుచుకోవడం మరో కారణం. రెండోదాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం కాబట్టి ఈ వ్యాసం దానికే పరిమితం.

మొదటి ఆర్డర్‌కు విలువ లేదని కాదు. 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాల అంగడిగా మొదలైనప్పుడు, దాని మొదటి ఆర్డర్ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. అడిగిన పుస్తకం చేతిలో లేక స్థాపకులు నగరంలోని దుకాణాల్లో దాని కోసం వెతకవలసి వచ్చింది. ఆర్డర్ రావడానికీ అమ్మకం పూర్తికావడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ సంస్థకు మొదటి రోజుల్లోనే తెలిసివచ్చిందన్న మాట. అంతకు పన్నెండేళ్ల ముందు, 1995లో అమెరికాలో పుట్టిన ఈబే అమ్మకందారులకు నక్షత్రాలు ఇచ్చే పద్ధతి పెట్టింది. పది మార్కులకు పసుపు నక్షత్రం, యాభైకి నీలం, ఆపైన వందకూ ఐదువందలకూ వేరే రంగులు, అలా పది లక్షల దాకా మెట్లున్నాయి. అయితే ఆ మార్కులు ఆర్డర్ల సంఖ్య కాదు. సంతృప్తి తెలిపిన కొనుగోలుదారుకు ఒకటి కలిపి, అసంతృప్తి తెలిపినవారికి ఒకటి తీసివేయగా మిగిలేవి. మైలురాయికి వెనక్కి జరిగే గుణం కూడా ఉండాలని ఆ పద్ధతి మొదటే ఒప్పుకుంది. ఇప్పటి డ్యాష్‌బోర్డుల్లో ముందు కనిపించే పెద్ద అంకెకు ఆ గుణం లేదు.

వెనుకటి వ్యాపారులు రెండు పుస్తకాలు రాసేవారు. ఏ రోజుకారోజు జరిగింది జరిగినట్టు ఎక్కించేది చిట్టా. దాన్ని పద్దుల వారీగా విడదీసి తేల్చేది ఆవర్జా. అంగడి యాప్ చూపించే ఆర్డర్ల పట్టిక ఎంత అందంగా ఉన్నా అది చిట్టాయే. ఆవర్జా అమ్మకందారు స్వయంగా రాసుకోవలసిందే, ఎందుకంటే సరుకు ఎంతకు కొన్నదీ, ఎంతసేపు కష్టపడ్డదీ ఏ యాప్‌కూ తెలియదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే గానీ, ఈ పని చేసేవారికి అపరిచితంగా అనిపించవు. మంగళగిరి నూలు చీరలను పన్ను కలిపి 1,500 రూపాయలకు అమ్మే ఒకరికి నెలలో 100 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. డ్యాష్‌బోర్డు లక్షన్నర చూపిస్తుంది. ఇందులో 12 చీరలు క్యాష్ ఆన్ డెలివరీలో కొన్నవారు తీసుకోకపోవడం వల్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. అమ్మకందారుల భాషలో ఇవి ఆర్‌టీఓలు, అంటే బయలుదేరిన చోటికే తిరిగొచ్చినవి (రిటర్న్ టు ఆరిజిన్). మరో 8 చీరలు తీసుకున్నాక నచ్చలేదని తిప్పి పంపారు. నిలిచినవి 80, వాటి విలువ 1,20,000. అందులో 5 శాతం జీఎస్టీ కింద 5,714 రూపాయలు ప్రభుత్వానివి కాబట్టి మిగిలేది 1,14,286.

ఇప్పుడు ఖర్చులు. చీర ఒక్కింటికి పన్ను కాకుండా 950 చొప్పున 80 చీరల కొనుగోలు ధర 76,000. కమీషన్, ఇతర రుసుములు, రవాణా కలిపి ఒక్కో చీరకు 200 చొప్పున 16,000. ఆర్‌టీఓల రవాణాను అంగడి సంస్థే భరిస్తుందనుకుందాం; తిప్పి పంపిన 8 చీరల రాకపోకలకు 180 చొప్పున 1,440. వెళ్లినవి వంద గనుక ప్యాకింగ్ వందకూ పడుతుంది, 20 చొప్పున 2,000. వెనక్కి వచ్చిన ఇరవైలో రెండు మరక పడో నలిగో మళ్లీ అమ్మడానికి పనికిరాకపోతే 1,900. ప్రకటనలకు 7,000. మొత్తం 1,04,340. చివరికి చేతిలో మిగిలేది 9,946 రూపాయలు. ఫొటో తీయడం, కొన్నవారి ప్రశ్నలకు జవాబివ్వడం, మడతపెట్టి కట్టడం, కొరియర్‌కు అప్పగించడం, వెనక్కి వచ్చినదాన్ని పరిశీలించడం అన్నీ కలిపి ఆర్డర్‌కు 25 నిమిషాలు పట్టిందనుకుంటే నెలకు సుమారు 42 గంటల పని. గంటకు 240 రూపాయలకు కాస్త తక్కువ. ఈ అంకె మంచిదో చెడ్డదో నేను చెప్పలేను, అది ఎవరి పరిస్థితిని బట్టి వారికి. లక్షన్నర అన్న అంకె మాత్రం ఈ మనిషి జీవితం గురించి ఏమీ చెప్పదు.

ఇదే అమ్మకందారు మరుసటి నెల ఆర్డర్లు పెంచాలన్న పట్టుదలతో ధర 1,400కు తగ్గించి 120 ఆర్డర్లు తెచ్చుకున్నారనుకుందాం. వెనక్కి వచ్చేవి ఐదింట ఒకటి చొప్పునే ఉంటాయి. అంటే 24, అందులో 14 ఆర్‌టీఓలు. నిలిచిన 96 చీరల విలువ 1,34,400, జీఎస్టీ పోను 1,28,000. కొనుగోలు 91,200, రుసుములు 19,200, తిప్పి పంపిన పదింటికి 1,800, ప్యాకింగ్ 2,400, పాడైనవి రెండే అనుకుంటే 1,900, ప్రకటనలు అంతే 7,000, మొత్తం 1,23,500. మిగిలేది 4,500. ఆర్డర్లు ఇరవై శాతం పెరిగాయి, డ్యాష్‌బోర్డులో గీత పైకి లేచింది, అభినందన సందేశం కూడా వచ్చి ఉండవచ్చు. చేతిలో మిగిలినది సగం కూడా లేదు, పని ఎనిమిది గంటలు పెరిగింది. ఈ నెలాఖరున ఆ మనిషికి కలిగే అలసటను బద్ధకమనో నిరుత్సాహమనో అనుకోవడం పొరపాటు. శరీరం, బ్యాంకు ఖాతా కలిసి నిజం చెబుతున్నాయి. అబద్ధం చెబుతున్నది మైలురాయి. ఒక కొలతను లక్ష్యంగా మార్చగానే అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న సారాంశంతో బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరిట 1975 నుంచి చెప్పుకునే సూత్రం ద్రవ్య విధానాల సందర్భంలో పుట్టినా, చీరల మూటకూ అంతే చక్కగా సరిపోతుంది.

పన్నుల విషయం రెండు మాటల్లో. అంగడి సంస్థ చెల్లింపు చేసేటప్పుడు జీఎస్టీ చట్టం కింద కొంత పట్టి ఉంచి ప్రభుత్వానికి కడుతుంది; 1 శాతంగా ఉన్న ఈ రేటు 2024 జులై 10 నుంచి అర శాతమైంది. ఆదాయపు పన్ను కింద కోసే టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 1 శాతం నుంచి 0.1 శాతానికి తగ్గింది. ఈ రెండూ ఖర్చులు కావు, తరువాత సర్దుబాటు చేసుకోగల సొమ్ము, కాబట్టి ఆవర్జాలో వీటికి వేరే పద్దు ఉండాలి. గమనించదగ్గది ఏమంటే, ఆ అర శాతాన్ని లెక్కగట్టేది వెనక్కి వచ్చిన సరుకు తీసివేయగా మిగిలిన నికర విలువ మీద. పన్ను వసూలు చేసే చట్టం కూడా వెనక్కి వచ్చినవి పోనిదే అమ్మకం అనడం లేదు.

అసలు చిక్కు ఇంకా ముందుంది. సరైన అంకెనే ఎంచుకున్నా, దాన్ని ఎంత తరచుగా చూడాలన్నది వేరే ప్రశ్న. రోజుకు సగటున రెండు ఆర్డర్లు వచ్చే అమ్మకందారును తీసుకుందాం. కొనేవారు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఎవరికి తోచినప్పుడు వారు వస్తారు. అలాంటి రాకలు ఎలా గుమిగూడతాయో, ఎలా పలచబడతాయో లెక్కగట్టే సూత్రం ఫ్రాన్స్ గణితవేత్త పాయిజాన్ పేరు మీద ఉంది. దాని ప్రకారం సగటు రెండు ఉన్నప్పుడు ఒక్క ఆర్డరూ రాని రోజు పడే అవకాశం 13.5 శాతం, అంటే ఏ లోపమూ లేకుండానే నెలలో నాలుగు రోజులు ఫోన్ మోగదు. వరుసగా రెండు రోజులు సున్నా పడటం ఏడాదిలో ఐదారుసార్లు జరుగుతుంది. వరుసగా మూడు రోజులు ఏడాదికొకసారి పడినా అందులో వింత లేదు. అదే అమ్మకందారుకు నెలలో ఒకటి రెండు రోజులు ఐదు, అంతకు మించి ఆర్డర్లు కూడా వస్తాయి, అదీ ఏ ఘనతా లేకుండానే.

ఈ మాట తెలియకపోతే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. మూడు రోజులు ఖాళీ పడగానే ధర తగ్గిస్తారు, ఫొటోలు మారుస్తారు, ప్రకటనల ఖర్చు పెంచుతారు. నాలుగో రోజు మూడు ఆర్డర్లు వస్తాయి, అవి ఎటూ వచ్చేవే. కానీ తగ్గించిన ధర వల్లే వచ్చాయన్న నమ్మకం స్థిరపడుతుంది, ఆ ధర ఇక పెరగదు. జూదంలో ఓడినవాడు కుర్చీ మార్చి గెలిచానని నమ్మడం లాంటిదే ఇది. నిజజీవితంలో ఆదివారాలు, జీతాల తేదీలు, ప్రకటనలు కలిసి ఈ ఎగుడుదిగుళ్లను మరింత పెంచుతాయి గాని తగ్గించవు.

నెల లెక్కలో కూడా జాగ్రత్త అవసరం. చేతిలో ఉంచుకోదగ్గ ఒక మోటు కొలత చెబుతాను. నెల సగటు ఎంతో తీసుకుని, దాని వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే, కేవలం యాదృచ్ఛికంగా అటూ ఇటూ ఊగే హద్దు దాదాపుగా వస్తుంది. నెలకు 60 ఆర్డర్లకు వర్గమూలం సుమారు 7.7, దాని రెట్టింపు 15. అంటే 45 నుంచి 75 దాకా ఏ అంకె వచ్చినా, ఆ ఒక్క నెలను బట్టి వ్యాపారం పెరిగిందనీ తరిగిందనీ తీర్పు చెప్పలేం. మూడు నెలలు కలిపి చూస్తే సగటు 180కి ఊగిసలాట 27 మాత్రమే, శాతంలో అది పాతిక నుంచి పదిహేనుకు తగ్గుతుంది. చిన్న వ్యాపారికి మూడు నెలల మొత్తం నిజాయితీగల అద్దం అనడానికి కారణం ఇదే. రోజూ ఆర్డర్లు చూడక తప్పదు, ప్యాకింగ్ చేయాలి కదా. అయితే అది పని చూసుకోవడం అవుతుంది గాని తనను తాను తూచుకోవడం కాకూడదు.

చీరలు, గాజులు, పూజాసామగ్రి అమ్మే తెలుగువారికి ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పోయిన ఏడాది ఆగస్టుతో ఈ ఏడాది ఆగస్టును పోల్చమని డ్యాష్‌బోర్డు చెబుతుంది, కానీ మన కొనుగోళ్లు ఇంగ్లీషు నెలల మీద నడవవు. వరలక్ష్మీ వ్రతం 2023లో ఆగస్టు 25న, 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడటంతో శుభకార్యాల కొనుగోళ్లు నిజ శ్రావణం దాకా, అంటే ఆగస్టు రెండో సగం దాకా వాయిదా పడ్డాయి. 2025లో వ్రతానికి చీర కావాలనుకున్నవారు జులై చివరి వారంలోనే ఆర్డర్ పెట్టి ఉంటారు. అలాంటి ఏడాదిలో జులై అంకె ఎగిరిపడి, ఆగస్టు అంకె చతికిలబడితే, అమ్మకందారు చేసిన గొప్పా లేదు, తప్పూ లేదు. తిథి జరిగింది అంతే. ఆషాఢం తగ్గింపులు, శ్రావణం, దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాలు అని పంచాంగం ప్రకారం కాలాలు గీసుకుని, శ్రావణాన్ని శ్రావణంతో పోల్చుకునే పట్టిక ఏ యాప్‌లోనూ నాకు కనబడలేదు. గోడ మీది క్యాలెండరూ ఒక నోటుపుస్తకమూ దీనికి చాలు.

ఇక ఉత్సాహం సంగతి. గమ్యం దగ్గరపడేకొద్దీ అడుగు వేగం పెరుగుతుందన్నది పాత పరిశీలన. అమెరికా మనస్తత్వవేత్త క్లార్క్ హల్ 1932లోనే దీన్ని సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. తరువాత 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో దీన్ని కాఫీ దుకాణంలో పరీక్షించారు. పది కాఫీలు కొంటే ఒకటి ఉచితమన్న కార్డులు ఇచ్చి చూస్తే, ఉచిత కాఫీ దగ్గరపడుతున్నకొద్దీ జనం త్వరత్వరగా వచ్చారు. ఇంకో తమాషా ఏమంటే, పది గళ్ల కార్డు ఇచ్చినవారికంటే, పన్నెండు గళ్లుండి రెండింటిపై ముందే ముద్ర పడిన కార్డు ఇచ్చినవారు దాన్ని త్వరగా పూర్తి చేశారు. కొనవలసినవి ఇద్దరికీ పదే. మన ప్రశ్నకు అంతకంటే ముఖ్యమైన సంగతి కూడా అందులోనే బయటపడింది: ఒక కార్డు పూర్తయి బహుమతి అందాక, రెండో కార్డు మొదట్లో వేగం మళ్లీ తగ్గిపోయింది.

వందో ఆర్డర్ పండుగ అయిన వారానికే చాలామంది అమ్మకందారులకు చేతులాడకపోవడం ఇదే. తొంభై తొమ్మిదిలో ఉన్నప్పుడు ఒక్కటి చాలు. నూటొకటిలోకి రాగానే ఐదువందలు ఎక్కడో కనిపిస్తుంటాయి. మైలురాళ్ల మధ్య దూరం పెరిగేకొద్దీ ఈ బీడు కూడా పెరుగుతుంది, రాళ్లను అంతకంతకూ దూరంగా పాతితే అది మరీ ఎక్కువ. ఉత్సాహం తగ్గడాన్ని స్వభావలోపంగా చూసుకుని తమను తాము తిట్టుకునేవారు ఈ సంగతి తెలిస్తే కొంత తేలికపడతారు.

రోజువారీ లక్ష్యాలకు వేరే ప్రమాదం ఉంది. న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల మీద 1997లో వెలువడిన ఒక అధ్యయనం, వాళ్లు రోజుకింత సంపాదన అని గీత గీసుకుని, గిరాకీ బాగున్న రోజున అది త్వరగా అందగానే ఇంటికి వెళ్లిపోతున్నారనీ, గిరాకీ లేని రోజున అది అందేదాకా రాత్రి వరకూ తిరుగుతున్నారనీ చెప్పింది. ఎక్కువ వచ్చే రోజున తక్కువ పని, తక్కువ వచ్చే రోజున ఎక్కువ పని. తరువాతి పరిశోధకులు వేరే లెక్కలతో దీన్ని సవాలు చేశారు, వాదం తెగలేదు. డ్రైవర్ల సంగతి ఎలా ఉన్నా, దసరా ముందు వారంలో ఈ రోజుకు చాలులే అని కొత్త సరుకును యాప్‌లో పెట్టడం వాయిదా వేసి, ఆ తర్వాత ఖాళీ వారంలో అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చునే అమ్మకందారులు మాత్రం ఉన్నారు.

కాబట్టి రోజుకూ వారానికీ పెట్టుకునే లక్ష్యాలు సొంత చేతుల్లో ఉన్న పనికి సంబంధించినవై ఉండాలన్నది నా అభిప్రాయం. వారానికి నాలుగు కొత్త చీరలకు పగటి వెలుతురులో ఫొటోలు తీయడం, ఆర్డర్ వచ్చిన ఇరవైనాలుగు గంటల్లో కొరియర్‌కు అప్పగించడం, తిరిగి వచ్చిన ప్రతి చీరకూ కారణం రాసుకోవడం లాంటివి. వీటిలో చివరిది అన్నిటికంటే విలువైనదని నేననుకుంటాను. ఎనిమిది రిటర్నుల్లో ఐదు రంగు తేడాగా ఉందన్న కారణంతో వస్తే, అది అదృష్టం సంగతి కాదు, ఫొటో సంగతి. నెలకు ఐదు రిటర్నులు తగ్గితే ఆ అమ్మకం నిలుస్తుంది, రాకపోకల ఖర్చు మిగులుతుంది, పాడయ్యే చీర తగ్గుతుంది. కొత్త ఆర్డర్ కోసం ప్రకటనకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది చవకైన సంపాదన.

ఫలితాల మైలురాళ్లలో వంద అన్న అంకెకు నిజంగానే ఒక అర్థం ఉంది, అది గుండ్రంగా ఉండటం వల్ల కాదు. అమెజాన్ తన అమ్మకందారుల లోపభూయిష్ట ఆర్డర్లు 1 శాతం లోపే ఉండాలంటుంది. చెడ్డ రేటింగు, కొన్నవారి ఫిర్యాదు క్లెయిము వంటివి ఇందులోకి వస్తాయి. లెక్కలోకి వచ్చే కాలంలో యాభై ఆర్డర్లే ఉన్నవారికి ఒక్క చెడ్డ రేటింగు పడితే అది 2 శాతం, గీత దాటినట్టే. నూటయాభై ఉన్నవారికి అదే రేటింగు 0.7 శాతం కూడా కాదు. అంటే వంద దాటేదాకా చిన్న అమ్మకందారు ఆ గీత దాటడానికి ఒక్క కోపిష్ఠి కొనుగోలుదారు చాలు, వంద దాటాక ఒక పొరపాటును తట్టుకునే బలం వస్తుంది. పండుగ చేసుకోదగ్గ అంకె అంటే ఇలాంటిది. అది దాటాక వ్యాపారంలో ఏదో ఒకటి మారాలి. మొదటిసారి ప్రకటనల ఖర్చు లేకుండా వందకు ఇరవై ఆర్డర్లు రావడం, పాత కొనుగోలుదారే మళ్లీ కొనడం, కొత్త సరుకు కొనడానికి సొంత జేబులోంచి కాక లాభంలోంచి డబ్బు తీయగలగడం కూడా ఇదే జాతికి చెందినవి.

రాయిని ఎక్కడ పాతాలన్నదానికి బోణీ దగ్గరే జవాబుంది. రిటర్ను గడువు ముగిసి, సెటిల్‌మెంట్, అంటే అంగడి సంస్థ చెల్లించే సొమ్ము, బ్యాంకులో పడిన అమ్మకాన్ని మాత్రమే ఆవర్జాలో వరుస సంఖ్య ఇచ్చి ఎక్కించాలి. అలా చేస్తే వందో అమ్మకం డ్యాష్‌బోర్డు వందకంటే ఆలస్యంగా వస్తుంది, మొదట్లో ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ దీనివల్ల అనుకోని మేలు ఒకటి జరుగుతుంది. ఆర్డర్ నుంచి సెటిల్‌మెంట్ దాకా ఇరవై రోజులు అనుకుంటే, రోజుకు రెండు ఆర్డర్లు వచ్చేవారికి ఆవర్జాలో వందో అంకె పడే రోజున మరో నలభై ఆర్డర్లు దారిలోనో గడువులోనో ఉంటాయి. ఐదింట ఒకటి వెనక్కి వచ్చినా ముప్పై రెండు నిలుస్తాయి. కాఫీ దుకాణంలో రెండు ముద్రలు ముందే వేసి ఇచ్చిన కార్డుకు జనం మోసపోయారనవచ్చు; ఇక్కడ రెండో కార్డు మీద ముప్పై పైచిలుకు ముద్రలు ముందే పడి ఉంటాయి, పైగా అవి అన్నీ నిజమైనవి.